అరవై రెండో పేజీలోని గీత

ఫైలు బరువు తగ్గించడంలో పేజీలాయనను మించిన మనిషి ఆ చుట్టుపక్కల లేడు. ఈ మాట అందరికంటే ముందు ఆయనే అనేవాడు. వినేవాళ్ళు కాదనేవాళ్ళు కాదు, ఎందుకంటే పని పడితే వాళ్ళూ ఆ మెట్లే ఎక్కాలి. కాలేజీ పిల్లల పరిశోధనలు, ఆసుపత్రి నివేదికలు, యంత్రాల వాడకం పుస్తకాలు, ఎవరు ఏం తెచ్చి నెత్తిన పెట్టినా విసుక్కోకుండా పేజీలుగా కూర్చి, బొమ్మలు సర్ది, ఇన్ని ఎంబీలు దాటితే తీసుకోమని అవతలివాళ్ళు అంటే అంతకు ఒక ఎంబీ తక్కువకే దించి ఇచ్చేవాడు. ఎలా దించారండీ అని అడిగితే, "అన్నీ చెప్పేస్తే రేపు నా గడప ఎవరు తొక్కుతారు?" అని నవ్వేవాడు. పాతికేళ్ళ పనితనం మీద ఆ మాత్రం గర్వం ఎవరికైనా ఉంటుంది.

దుకాణమంటే రెండో అంతస్తులో రెండు గదులు. ముందు గదిలో రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, వచ్చినవాళ్ళు కూర్చోడానికి ఒక బెంచీ. కిటికీ పక్కన ఆయన భార్య ప్రూఫులు దిద్దుతూ ఉండేది. చదివే వరుస కింద స్కేలు పెట్టుకుని, పెదవులు కదుపుతూ, ఒక్కో అక్షరాన్నీ నిలదీసినట్టు చూసేది. ఆయనకు పేజీ చూడ్డానికి ఇంపుగా ఉంటే చాలు. ఆవిడకు పేజీలో ఏముందో కావాలి. మొగుడూ పెళ్ళాల మధ్య రోజుకు నాలుగు గొడవలైతే అందులో మూడు దీని మీదే.

ఆ సోమవారం పొద్దున కరెంటు ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. కొత్తగా వచ్చిన ఇంజనీరమ్మ. కేబుళ్ళ పటాల పుస్తకాన్ని కొత్త వీధులు కలిపి మళ్ళీ తయారు చేస్తున్నామనీ, పోయినసారి చేసింది మీరే కాబట్టి ఈసారీ మీరే చేయాలనీ, ఇరవై ఎంబీ మాత్రం దాటకూడదనీ చెప్పింది.

"దాటదు మేడమ్. నాకొదిలేయండి" అన్నాడు పేజీలాయన.

ఫోను పెట్టేసరికి భార్య స్కేలు కదపకుండా ఆయన వంకే చూస్తోంది.

"ఆ పుస్తకమేనా?"

"ఆ పుస్తకమే."

"వదినావాళ్ళకి తెలిస్తే ఏమనుకుంటారు?"

"పని పనే కదా" అన్నాడు కానీ, ఆ జవాబు ఆయనకే రుచించలేదు.

ఆ పుస్తకంలో ఉండేవి నేల కింద ఏ వీధిలో ఏ కేబులు ఎంత లోతున పోతోందో చూపించే పటాలు. వీధికొక పేజీ చొప్పున నూట పద్దెనిమిది పేజీలు. అచ్చువేసి అలమరలో పెట్టుకునే పుస్తకం కాదు, గుంతలు తవ్వే పనివాళ్ళ ఫోన్లలో ఉండే పుస్తకం. గునపం దించే ముందు వాళ్ళు తమ వీధి పేజీ తెరుస్తారు. గీత ఉన్నచోట చేత్తో మట్టి తీయాలి, గీత లేనిచోట గునపం వేయొచ్చు. వాళ్ళ ప్రాణాలకు ఆ గీతలే పూచీ.

ఆ గీతలన్నీ గీసింది పేజీలాయన బావ. సొంత అక్క మొగుడు. ముప్పై ఏళ్ళు అదే ఆఫీసులో పటాలు గీశాడు, మొదట బల్ల మీద పెన్నుతో, తర్వాత కంప్యూటర్లో. మాటలు తక్కువ మనిషి. ఏదైనా చెప్పాలంటే గీసి చూపించేవాడు. వంటింట్లో అలమర సర్దాలన్నా ముందు కాగితం మీద కొలతలతో గీసి అక్క ముందు పెట్టేవాడు. "ఈయనకి ఉప్పు డబ్బా పెట్టడం కూడా ప్రాజెక్టే" అని అక్క మురిపెంగా విసుక్కునేది.

నాలుగేళ్ళ కిందట, పుస్తకం పనివాళ్ళ చేతికొచ్చిన ఐదు నెలలకు, అరవై రెండో పేజీలో ఉన్న వీధి మలుపులో ఒక పనివాడు గునపం దించాడు. పటంలో అక్కడ ఏమీ లేదు. నేల కింద పాత కేబులు ఉంది, అందులో కరెంటు ఉంది. ముప్పై నాలుగేళ్ళ మనిషి, అక్కడికక్కడే పోయాడు.

విచారణ పెట్టారు. ఫోన్లో పేజీ తెరిచి చూశారు, గీత లేదు. గీసినాయన్ని పిలిచారు. ఆయన వాడిన కంప్యూటరు అప్పటికే పాతదైపోయి తుక్కులో కలిసింది, అందులోని పటాలూ దానితోపాటే పోయాయి. "గీసినట్టే గుర్తు" అన్నాడు బావ మొదటిరోజు. గుర్తుంటే సరిపోదు, చూపించమన్నారు. మూడోసారి పిలిచినప్పుడు "మర్చిపోయి ఉండొచ్చు" అని రాసి సంతకం పెట్టి ఇంటికొచ్చాడు. ఆ నెలాఖరుకే ఉద్యోగం పోయింది.

పేజీలాయననూ అడిగారు, పటాల్లో ఏమైనా మార్చారా అని. "వచ్చినవి వచ్చినట్టు పేజీల్లో పెట్టాను. ఒక్క గీతను కూడా ముట్టుకోలేదు" అని రాసిచ్చాడు. అబద్ధం రాస్తున్నానని ఆయన ఆవగింజంత కూడా అనుకోలేదు. సంతకం పెట్టేముందు తన దగ్గరున్న పూర్తయిన ఫైలు తెరిచి ఆ పేజీ చూసుకున్నాడు కూడా. అందులోనూ గీత లేదు. పాపం బావ, అనుకున్నాడు.

అప్పటినుంచి బావకు తన బుర్ర మీద నమ్మకం పోయింది. తాళం వేసి నాలుగడుగులు వేశాక వెనక్కొచ్చి లాగి చూసేవాడు. గ్యాసు కట్టానా అని అర్ధాంతరంగా అన్నం ముందు నుంచి లేచేవాడు. మనవరాలు నోటుపుస్తకం తెచ్చి శీర్షిక కింద గీత కొట్టమంటే, "అమ్మమ్మనడుగు తల్లీ" అనేవాడు. పెన్సిలు పట్టుకోగా నాలుగేళ్ళలో ఎవరూ చూడలేదు. పోనుపోను అక్క కూడా ఆయన వెనకే తిరిగి కుళాయిలు చూడ్డం, మాత్రలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పేజీలాయన వెళ్ళినప్పుడల్లా పక్కన కూర్చుని ఓదార్చేవాడు. "వయసు బావా. మతిమరుపు ఎవరికి రాదు చెప్పండి?" అనేవాడు. బావ తలూపి ఊరుకునేవాడు.

కొత్త పుస్తకానికి పాత అట్టా, విషయసూచికా పనికొస్తాయని పేజీలాయన సొరుగులోంచి పాత డిస్కు తీసి తగిలించాడు. అట్ట ఉంది, సూచిక ఉంది. వాటి పక్కనే 'బావ ఇచ్చినవి' అన్న ఫోల్డరు కూడా ఉంది. దానితో ఆయనకు పని లేదు. అయినా తెరిచాడు, నూట పద్దెనిమిది పటాల వరుసలో అరవై రెండు మీద నొక్కాడు.

బొమ్మ ఒక్కసారిగా రాలేదు. అసలు పటాలు గీతల బొమ్మలు. ఫోటోలాగా చుక్కలు పరిచి చేసినవి కావు. ఈ గీత ఇక్కడ మొదలై అక్కడ ముగుస్తుందని లెక్కగా రాసిపెట్టుకుని, తెరిచిన ప్రతిసారీ మళ్ళీ మొదటినుంచి గీసుకుంటూ వస్తాయి. ఎంత పెద్దది చేసి చూసినా గీత గీతలాగే ఉంటుంది, చెదరదు. ముందు వీధి అంచులు పడ్డాయి. తర్వాత ఇళ్ళు. తర్వాత ఇసుక నేలని చూపించే చుక్కలు, వేలకు వేలు, చిరుజల్లులా పడుతూనే ఉన్నాయి. అవన్నీ పడ్డాక, చిట్టచివర, వాటి మీదుగా ఒక సన్నటి తెగిన గీత మలుపు దాకా వెళ్ళి, కొద్దిగా వంగి, అవతలికి పోయింది.

పేజీలాయన కుర్చీలో ముందుకు జరిగాడు. పెద్దది చేసి చూశాడు. గీత మీద నొక్కితే పక్కన దాని పేరు కూడా కనిపించింది. 'పాత కేబులు. కరెంటు ఉంది.'

తన ఫైలు తెరిచి పక్కన పెట్టాడు. అదే వీధి, అవే ఇళ్ళు, అదే ఇసుక. గీత లేదు. అప్పుడు గుర్తొచ్చింది.

నాలుగేళ్ళ కిందట ఆ పుస్తకం మొదటిసారి కూర్చినప్పుడు మూడు వందల నలభై ఎంబీ తేలింది. ఇరవైకి తెమ్మన్నారు. ఏనుగుని తెచ్చి అగ్గిపెట్టెలో సర్దమన్నట్టు. బరువంతా ఎక్కడుందా అని వెతికితే పన్నెండు పేజీల్లో దొరికింది, ఇసుక నేల ఉన్న పన్నెండు పేజీల్లో. ఒక్కో చుక్కా ఒక్కో బొమ్మ. ఒక్కో పేజీలో లక్షకు పైగా చుక్కలు. సరైన పద్ధతి ఆయనకు తెలియక కాదు. ఆ చుక్కల్ని తీసేసి, అరచేతంత ఇసుక ముక్క ఒకటి తయారుచేసి, కావలసిన చోటల్లా దాన్నే మళ్ళీ మళ్ళీ వాడుకోమని చెబితే గీతలు గీతలుగానే ఉండి బరువు దిగిపోయేది. పేజీ పేజీకీ కూర్చుని చేయాలి, రెండు రోజుల పని. మర్నాడు ఇవ్వాలి. ఆయన ఆ పన్నెండు పేజీల్నీ పట్టుకుని ఫోటోలుగా మార్చేశాడు. ఒక గంట పట్టింది. పద్దెనిమిది ఎంబీకి దిగింది.

ఫోటోగా మారాక ఇసుక మిగిలింది, ఇళ్ళు మిగిలాయి. వాడుక తగ్గిన పాత కేబుళ్ళని అన్నిటికంటే సన్నటి గీతతో, లేత బూడిద రంగులో, తెంపి తెంపి గీయాలని కరెంటు ఆఫీసు నియమం. అంత సన్న గీత ఫోటోలో నిలవలేదు, చుక్కల్లో కలిసిపోయింది. మిగతా పదకొండు పేజీల్లో పాత కేబుళ్ళు లేవు. ఉన్నది ఆ ఒక్క పేజీలోనే. ఆరోజు ఆయన పేజీలన్నీ ఒకసారి తిప్పి చూసుకున్నాడు, చూడ్డానికి ఇంపుగా ఉన్నాయి. సాయంత్రం బావకి ఫోన్ చేసి, "మీ ఏనుగుని పద్దెనిమిదికి దించాను" అని గొప్పలు పోయాడు. "నీ చేతిలో విద్య ఉందిరా" అన్నాడు బావ.

పేజీలాయన ఫోల్డరు మీద నొక్కి చెత్తబుట్ట వైపు లాగాడు. నిజంగానే తొలగించమంటారా అని కంప్యూటరు అడిగింది. అవును అంటే చాలు, నాలుగేళ్ళుగా ఎలా ఉందో అలాగే ఉండిపోతుంది. బావ తాళాలు లాగి చూసుకుంటూ ఉంటాడు, తను పక్కన కూర్చుని ఓదారుస్తూ ఉంటాడు. వేలు ఆ బొత్తాం మీద ఎంతసేపు ఉందో ఆయనకు తెలియదు. ఇలాంటప్పుడు మనిషికి ఎన్ని సాకులు దొరుకుతాయో లెక్కలేదు. అన్నీ వరుసగా వచ్చాయి, ఆయన ఒక్కోదాన్నీ మర్యాదగా విన్నాడు కూడా.

"ఏంటది?" అంది భార్య వెనక నుంచి. ఎప్పుడు లేచొచ్చిందో.

ఆయన వద్దు అన్న బొత్తాం నొక్కి, కుర్చీ పక్కకు జరిపి, రెండు పేజీలూ ఆవిడకు చూపించాడు. ఆవిడ అలవాటుగా స్కేలు తెచ్చి తెర మీద పెట్టి, ఎడమవైపు, కుడివైపు, మళ్ళీ ఎడమవైపు చూసింది. స్కేలు కిందకు దించింది.

"తెలిసి చేసింది కాదుగా మీరు" అంది కాసేపటికి.

"తెలిసి చెయ్యలేదు. కానీ విచారణప్పుడు బావ నాకు ఫోన్ చేశాడు. 'నేనిచ్చిన పటాలు నీ దగ్గర ఇంకా ఉన్నాయేమో చూడరా' అన్నాడు. ఈ డిస్కు ఈ సొరుగులోనే ఉంది. 'చూసేదేముంది బావా, మీరిచ్చిందే కదా ఫైల్లో ఉండేది' అన్నాను."

"ఎందుకన్నారలా?"

"నా పనిలో తప్పుంటుందని అనుకోలేదు." కాస్త ఆగి, "అనుకోవాలని లేదేమో కూడా" అన్నాడు. ఆవిడ ఇంకేం అనకుండా ప్రింటరులో కాగితాలు పెట్టింది.

మధ్యాహ్నం మూడింటికి రెండు కాగితాలు పట్టుకుని అక్క ఇంటికి వెళ్ళాడు. అక్క బీన్స్ ఈనెలు తీస్తోంది. బావ కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు.

"ఏంట్రా, పని వేళలో ఊడిపడ్డావ్?" అంది అక్క.

దారి పొడుగునా కూడదీసుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. బావ ముందు స్టూలు లాక్కుని కూర్చుని, ఒడిలో మొదటి కాగితం పెట్టాడు. "ఇది మీరిచ్చింది బావా." రెండోది దాని పక్కన పెట్టాడు. "ఇది నేను చేసింది. ఫైలు చిన్నది చెయ్యబోయి నేనే పోగొట్టాను. మీరు గీశారు."

బావ కళ్ళజోడు వెతుక్కున్నాడు. అక్క లేచొచ్చి ఆయన చొక్కా జేబులోంచే తీసి ఇచ్చింది. ఆయన కాగితం ముఖానికి దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూశాడు. చూపుడువేలు గీత మొదట పెట్టి మెల్లగా జరుపుకుంటూ వెళ్ళాడు. మలుపు దగ్గర వేలు ఆగింది.

"ఇక్కడ వంగుతుంది" అన్నాడు. "ఇక్కడ పాత మురుగు తూముంది. దానికి తగలకుండా పక్కనుంచి తీసుకెళ్ళారు. కొలవడానికి నేనే వెళ్ళాను. వానొచ్చింది ఆరోజు. టేపు రెండో కొస పట్టుకోడానికి మనిషి లేకపోతే బడ్డీ కొట్టాయన పట్టుకున్నాడు." ఆయన తలెత్తి అక్కను చూశాడు. "నేను మర్చిపోలేదే."

"లేదు" అంది అక్క.

"నేను మర్చిపోలేదు" అన్నాడు మళ్ళీ, ఈసారి ఎవరితోనూ కాదు. కళ్ళజోడు తీసి కాగితం మీద పెట్టి, రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. ఉద్యోగం పోయిన రోజున కూడా ఏడవని మనిషి. నాలుగేళ్ళుగా తనను తాను అనుమానించుకుంటూ బతికిన మనిషికి సంతోషమొచ్చినా అది ఏడుపులాగే వచ్చింది. పేజీలాయన ఆయన మోకాలి మీద చెయ్యి వేయబోయి, వేయలేక, వెనక్కి తీసుకున్నాడు.

అక్క మాత్రం తమ్ముడి మొహంలోకి సూటిగా చూసింది.

"ఇదే కుర్చీ పక్కన కూర్చుని ఎన్నిసార్లన్నావురా, వయసు బావా, మతిమరుపు బావా అని?"

ఆయన స్టూలు కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

"నువ్వంటుంటే నేనూ నమ్మాను. మొగుడు మొదట్లో గీసినట్టే గుర్తంటే నమ్మలేదు, నువ్వంటే నమ్మాను. ఈయన స్నానానికి పోతే కుళాయి కట్టారో లేదో అని వెనకాలే పోయి చూసేదాన్ని. మొగుణ్ణి చిన్నపిల్లాణ్ణి చేసేశాన్రా నీ మాట పట్టుకుని." అక్క కొంగుతో ముక్కు తుడుచుకుంది. "లే. కాఫీ గీఫీ ఏమీ లేదు నీకు. వెళ్ళిపో."

"ఉండవే" అన్నాడు బావ. మొహం తుడుచుకుని కళ్ళజోడు పెట్టుకున్నాడు. "నీ మీద నాకు కోపం రావాల్రా. రేపో ఎల్లుండో వస్తుంది కూడా. ఇవాళ మాత్రం దానికి నాలో చోటు లేదు." కాసేపు కాగితాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఉన్నట్టుండి ఆ మొహంలో వెలుగు తగ్గిపోయింది. "ఆ అమ్మాయికి చెప్పాలి" అన్నాడు.

ఎవరికని అడగాల్సిన పని లేదు. విచారణ అయిన నెలకు, చనిపోయిన మనిషి ఇంటికి బావ వెళ్ళాడన్న సంగతి పేజీలాయనకు ఇప్పుడే తెలిసింది. అక్కకూ ఇప్పుడే తెలిసింది. అతని భార్య తలుపు తీస్తే, "అమ్మా, మీ ఆయన పోయిన చోట గీత గీయాల్సింది నేనే. మర్చిపోయాను" అని చెప్పాడట. "మీ మొహం నాకింకెప్పుడూ చూపించొద్దు" అని ఆమె తలుపేసిందట. అప్పటినుంచి ఆయన మందుల కొట్టుకు వెళ్ళాలన్నా ఆమె వీధి తప్పించి చుట్టూ తిరిగి వెళ్తున్నాడు.

"ముందు ఆఫీసులో రాసిచ్చి వస్తాను బావా. తర్వాత ఆమె దగ్గరికి నేనే వెళ్తాను" అన్నాడు పేజీలాయన.

"నేనూ వస్తాను. లోపలికి రాను, గుమ్మం అవతల నిలబడతాను. నువ్వు చెప్పేది నేను వినాలి."

మర్నాడు పొద్దున కరెంటు ఆఫీసులో ఇంజనీరమ్మ ఆయన రాసుకొచ్చిన రెండు పేజీల ఉత్తరాన్ని నిలబడే చదివింది. తర్వాత కూర్చుని మళ్ళీ చదివింది. పాత విచారణ కాగితాలు తెప్పించి అందులో ఆయన రాసిన వాక్యం మీద వేలు పెట్టింది.

"ఒక్క గీతను కూడా ముట్టుకోలేదని మీ చేత్తో రాశారు."

"రాశాను మేడమ్. తప్పు రాశాను. మా బావ రాసిచ్చింది కూడా తప్పే. గీశాడు ఆయన."

"ఎప్పుడో మూసేసిన ఫైలండీ ఇది. పైవాళ్ళకి పంపిస్తాను. వాళ్ళేం చేస్తారో నేను చెప్పలేను, మీ మీద కేసైనా పెట్టొచ్చు." ఆమె ఉత్తరం మీద ముద్ర వేయించి ఒక నకలు ఇచ్చింది. కొత్త పుస్తకం సంగతి ఆయన ఎత్తలేదు. ఆమే ఎత్తింది. "ఆ పని ఇంకొకరికిస్తాం. ఏమీ అనుకోకండి."

"ఎవరికిచ్చినా, చేసినదాన్ని అసలు పటాలతో పక్కపక్కన పెట్టి ఒక్కో పేజీ చూడమనండి మేడమ్" అన్నాడు. పేజీలాయన తన పని గుట్టు ఉచితంగా చెప్పడం అదే మొదలు.

చనిపోయినతని భార్య ఉండేది ఒక ఇరుకు వీధిలో, కింది వాటాలో. గుమ్మానికి రెండు మెట్లు. లోపల కుట్టుమిషను చప్పుడు వినిపిస్తోంది. బావ అన్నట్టే వీధి అవతల, మూసి ఉన్న కొట్టు ముందు నిలబడ్డాడు. పేజీలాయన తలుపు తడితే మిషను ఆగింది. ముప్పై అయిదేళ్ళ మనిషి, మెడలో కొలతల టేపు, పళ్ళ మధ్య దారం. కుట్టుపనికి వచ్చాడనుకుని చెప్పండి అంది. అంతలో ఆయన భుజం మీదుగా వీధి అవతల ఉన్న బావ కనిపించాడు. దారం ఉమ్మేసింది.

"ఆయన్నెందుకు తీసుకొచ్చారు? రావద్దని చెప్పాను కదా."

"ఆయన తప్పు కాదమ్మా. అది చెప్పడానికే వచ్చాను. తప్పు నాది."

నీళ్ళు నమలకుండా అంతా చెప్పాడు. అక్క ముందు రాని మాటలు ఇక్కడ వచ్చాయి. ఆ పుస్తకం కూర్చింది తనేననీ, గీత ఉన్న పటమే తన చేతికొచ్చిందనీ, తన చేతిలోనే పోయిందనీ చెప్పి, రెండు కాగితాలూ ఇచ్చాడు. ఆమె వాటిని వెలుతురులోకి పట్టుకుని చూసింది. బట్ట నేత చూసే కళ్ళు, సన్న గీతను పట్టుకోడానికి ఎంతోసేపు పట్టలేదు.

"ఇదా?"

"అదేనమ్మా."

"ఇదుంటే మా ఆయన అక్కడ గునపం వేసేవాడు కాదు." ఆమె మామూలు గొంతుతోనే అంది. "పేజీ చూడకుండా ఎప్పుడూ తవ్వలేదు ఆయన. చూడకుండా తవ్వాడేమో అని కూడా అన్నారు ఆఫీసోళ్ళు, మీకు తెలుసా?"

"తెలియదమ్మా."

"మరి ఎందుకు తీసేశారు గీత?"

"తియ్యాలని తియ్యలేదు. ఫైలు బరువెక్కువైంది, ఫోన్లలో తెరుచుకోదన్నారు. బరువు తగ్గిస్తుంటే పోయింది."

"గీత పోకుండా తగ్గించడం కుదరదా?"

ఇక్కడ ఒక్క మాట మింగేస్తే సరిపోయేది. కుదరదని అంటే ఆమెకు తెలిసే దారి లేదు, ఆమె చుట్టుపక్కల ఆ పని తెలిసినవాళ్ళూ లేరు.

"కుదురుతుంది" అన్నాడు పేజీలాయన. "రెండు రోజుల పని. నేను గంటలో అయ్యే పద్ధతిలో చేశాను."

"రెండు రోజులు" అంది ఆమె.

లోపల ఎవరో పిల్లవాడు పాఠం బట్టీ పడుతున్నాడు, చెప్పిన వాక్యమే మళ్ళీ మళ్ళీ చెబుతున్నాడు. తిడుతుందనుకున్నాడు ఆయన. తిట్టాలని కోరుకున్నాడు కూడా. ఆమె గీత ఉన్న కాగితాన్ని మడిచి కుట్టుమిషను మీద పెట్టుకుంది. గీత లేని కాగితాన్ని ఆయన చేతికి తిరిగిచ్చేసింది. చెప్పులు వేసుకోకుండానే రెండు మెట్లూ దిగి, ఆయన పక్కనుంచి వీధి దాటి, కొట్టు ముందు తల దించుకుని నిలబడ్డ బావ దగ్గరికి వెళ్ళింది.

"అన్యాయంగా అన్నాను మిమ్మల్ని" అంది. "లోపలికి రండి. కూర్చోండి."

బావ ఒక్క క్షణం బావమరిది వైపు చూశాడు. వెళ్ళాలో వద్దో తెలియని చూపు అది. ఆమె ఆయన మోచెయ్యి పట్టుకుని వీధి దాటించింది, మెట్లెక్కించింది. పేజీలాయన వాళ్ళకు దారి ఇచ్చి గోడకు ఒదిగాడు. తలుపు వాళ్ళ వెనక దగ్గరగా పడింది, గడియ మాత్రం పడలేదు. లోపల కుర్చీ లాగిన చప్పుడు, మంచినీళ్ళ గ్లాసు చప్పుడు వినిపించాయి. బావ గొంతు వినిపించింది, మురుగు తూము గురించి, వానలో కొలిచిన రోజు గురించి ఆమెకు చెబుతున్నాడు.

పేజీలాయనను వెళ్ళమని ఎవరూ అనలేదు. రమ్మని కూడా అనలేదు. చేతిలో కాగితంతో ఆయన ఆ మెట్ల పక్కనే నిలబడి ఉన్నాడు.